మూడు బంగాళాదుంపలు

ఈ సంగతి మా ఊరు సొగమోసో మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను. రెండోవాడు ఎవరికీ చెప్పడు. చెప్పి, ఊరంతా వచ్చి నా మొహాన ఉమ్మేసినా ఇంతకన్నా నయంగానే ఉండేది.

నా పేరు ఎలియేసెర్ పిన్సోన్. నలభై ఆరేళ్ళు. పళ్ళ డాక్టర్లకు సామాన్లు అమ్ముతాను: పన్ను పూడ్చే సిమెంటు, మత్తు సూదులు, అచ్చులు తీసే పిండి. ఈ కొండల్లో పన్ను పీకే మనిషి ఉన్న ప్రతి ఊరికీ నా కారు వెళ్తుంది. నెలకు పద్ధెనిమిది రోజులు హోటళ్ళలోనే పడక. అయినా ఏడేళ్ళుగా ఈత, సైకిలు, పరుగు, మూడింటిలో ఒక్కటీ వదల్లేదు. చికిన్‌కిరాలో నాలుగంతస్తుల హోటలు మెట్లు ముప్ఫై సార్లు ఎక్కి దిగాను. మోనికిరాలో హోటలు కొలను ఎంత గొప్పదంటే ఆరు బారలు వేస్తే అవతలి గోడ నెత్తికి తగుల్తుంది. అందులో, పిల్లల గాలి బాతుల మధ్య, గంటన్నర ఈదాను. డాక్టరు లోపల ఎవడి పన్నో పీకుతుంటే బయట నేను సూటు వేసుకుని గోడకుర్చీ వేసేవాణ్ణి. నర్సులు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేవాణ్ణి.

మా క్లబ్బులో పదిహేను మందిమి. కోచ్ ఎదిల్మా గారు, మా మాటలో దోన్యా ఎదిల్మా. వయసులో ఉన్నప్పుడు దేశం తరఫున సైకిలు తొక్కిన మనిషి, ఇప్పుడు మా ప్రాణాలు తొక్కుతోంది. ఆవిడ చట్టం ఒక్కటే. చేసిన ప్రతిదీ చేతి గడియారంలో రికార్డవ్వాలి, అక్కణ్ణించి క్లబ్బులో అందరి ఫోన్లలోకీ రావాలి. ఫోన్లలోకి రానిది జరగనట్టే. సాయంత్రం ఆరింటికి ఆవిడ అందరి పేర్లతో పట్టిక పెడుతుంది. ఆ రోజు రికార్డు లేనివాడి పేరు పక్కన బంగాళాదుంప బొమ్మ ఉంటుంది. ఊరెళ్ళాను, జ్వరమొచ్చింది, అత్త పోయింది, ఏదీ చెల్లదు. మా ప్రాంతం పండించేదే బంగాళాదుంపలు. మట్టిలో కదలకుండా పడుండే ఆ దుంప పేరు పెట్టి పిలిస్తే మాకు తిన్నది ఒంటపట్టదు. పెద్ద పోటీకి ముందు ఆరు నెలల్లో మూడు దుంపలు పడ్డాయా, పోటీలో చోటు పోయినట్టే.

పెద్ద పోటీ అంటే సెప్టెంబరులో టోటా సరస్సు దగ్గర జరిగేది. సరస్సులో ఈత, దాని చుట్టూ సైకిలు, ఉల్లి పొలాల మధ్య పరుగు. క్లబ్బుకు ముగ్గురు. ముగ్గురి సమయమూ కలిపి లెక్క. ఒక్కడు తప్పుకున్నా ముగ్గురూ ఇంటికే. రెండు చోట్లు ఎప్పుడూ ఖాయం: డెంటిస్టు ఆంపారో, కాలేజీలో లెక్కలు చెప్పే నెల్సన్. మూడో చోటు కోసం నేను ఏడేళ్ళు చూశాను. ఏడేళ్ళూ ఒడ్డున నించుని వాళ్ళ బట్టల సంచులకు కాపలా కాశాను. ఈ ఏడు నా సమయాలు బాగున్నాయి. ఈ ఏడు నాదే అనుకున్నాను, మిసాయెల్ సియాచోకే వచ్చేదాకా.

బస్సు డ్రైవరు. ముప్ఫై నాలుగేళ్ళు. మార్చిలో ఒక ఆదివారం, బస్సు కంపెనీ కోటు వేసుకుని, ఎవరిదో అరువు సైకిలు మీద వచ్చాడు. కొండ ఎక్కుతుంటే మావాళ్ళు “బస్సొచ్చింది, పక్కకి జరగండర్రా!” అని ఒకటే నవ్వు. అతనూ నవ్వాడు. మే నెల వచ్చేసరికి ఆ మాటే అంటూ నిజంగానే పక్కకి జరిగాం. నవ్విన వాళ్ళెవరూ లేరు.

అతని పని నాకన్నా దిక్కుమాలినది. తెల్లారకముందు సొగమోసోలో బస్సు తీస్తాడు. ఒళ్ళు గడ్డకట్టే చలి కొండ దాటి, లోయల పక్కనుంచి దిగి, తొమ్మిదింటికి యోపాల్ చేరతాడు. అక్కడ ఉడికిపోయే ఎండ. సాయంత్రం మళ్ళీ బస్సు తీసేదాకా డ్రైవర్లు స్టాండు వెనకున్న గదిలో పడుకోవాలి, అది కంపెనీ కట్టుబాటు. మిసాయెల్ అందులో రెండు గంటలు దొంగిలించేవాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పద్నాలుగు కిలోమీటర్ల పరుగు. ఒకరోజు ఏట్లో ఎదురీత. ఒకరోజు బస్సు టైరు నడుముకి కట్టుకుని ఇసుకలో లాగడం. అన్నీ గంటలు నిమిషాలతో, మ్యాపుతో సహా, నా ఫోన్లోకి వచ్చేవి. నేనూ అందరిలాగే ప్రతిదానికీ చప్పట్ల బొమ్మ పెట్టేవాణ్ణి. పెడుతూ పళ్ళు నూరుకునేవాణ్ణి. పళ్ళ సామాన్లు అమ్ముకునేవాడికి పళ్ళు నూరుకోవడం మంచిది కాదని తెలుసు.

జూలైలో ఒక ఆదివారం పైకెక్కే దారిలో అతను నన్ను దాటిపోయాడు. దాటేటప్పుడు, “ఇంకొంచెమే దోన్ ఎలియేసెర్, ఆ మలుపు తర్వాత తేలిక,” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే నా మంచికోరి అన్నాడు. అదే కాల్చేసింది నన్ను. పైన దోన్యా ఎదిల్మా గడియారం పట్టుకుని ఉంది.

“సుమెర్సే దారిలో ఎక్కడన్నా భోంచేసి వచ్చారా?” అంది. సుమెర్సే అంటే మా వైపు ‘తమరు’ అన్నట్టు.

“గాలి ఎదురుగా ఉందండీ.”

“మిసాయెల్‌కి గాలి సెలవు పెట్టిందా?” అందరూ నవ్వారు. ఆవిడ గొంతు తగ్గించింది. “చూడండి దోన్ ఎలియేసెర్, మనసులో పెట్టుకోకండి. ఈసారి మూడో చోటు ఆ కుర్రాడిదే. మూడు దుంపలు పడితే తప్ప మార్చను. సంచులు చూసుకోడానికి నమ్మకమైన మనిషి కావాలి మాకు, మీరు రావాలి.”

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కడుపు మండిందని చెప్పడానికి నాకు సిగ్గులేదు. వాడికి ఐదు నెలలు, నాకు ఏడేళ్ళు.

మర్నాడు ఆఫీసు కంప్యూటరులో అతని రికార్డులు తెరిచాను. ఏం వెతుకుతున్నానో మొదట నాకే తెలీదు. తర్వాత కళ్ళకి కనిపించింది: యోపాల్, మంగళవారం, పదకొండూ నలభై. యోపాల్, గురువారం, పన్నెండూ పది. పడుకోవలసిన గంటలు. రెండు పేజీలు ప్రింటు తీసి, కవరులో పెట్టి, సంతకం లేకుండా పక్కూరు దుయితామా నుంచి బస్సు కంపెనీకి పోస్టు చేశాను. నలభైమంది ప్రయాణికులు, పక్కన లోయ, నిద్రలేని డ్రైవరు. వాళ్ళ కోసమే ఈ పని చేస్తున్నానని పోస్టు పెట్టె దగ్గర నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అబద్ధమని కూడా కాదు. నలభైమందిలో ఒక్కడి ముఖం కూడా నాకు కళ్ళముందు మెదల్లేదు, అంతే.

పది రోజులకి శనివారం ఉదయం మిసాయెల్ మా వీధి బేకరీలోకి వచ్చాడు. నేను జున్ను రొట్టె తింటున్నాను. టోపీ తీసి చేతిలో నలుపుతూ నించున్నాడు.

“కూర్చో. ఏం తింటావు?”

“ఏం వద్దండీ. మీతో ఒక మాట. మీరు చదువుకున్నవాళ్ళు, పదూళ్ళు తిరిగినవాళ్ళు. క్లబ్బులో ఇంకెవర్ని అడగాలన్నా నోరు రాలేదు.”

“చెప్పు.”

“ఎవడో పుణ్యాత్ముడు కంపెనీకి కాగితాలు పంపాడు. నేను రెస్టు టైములో పరుగెడుతున్నానని. ఎల్లుండి సోమవారం రమ్మన్నారు. ఆఫీసులో మా మేస్త్రీ ఉన్నాడు, మంచోడు. ‘ఒరేయ్, ఆ కాగితాలు ఎవడన్నా తయారుచేసి ఉండొచ్చు అంటాను నేను. కంపెనీ పెద్దాయన నీ ఫోను చూస్తానంటాడు. అందులో ఏం లేకపోతే గొడవ అక్కడితో సరి. సోమవారంలోగా అన్నీ తీసెయ్యి’ అన్నాడు.”

రొట్టె పళ్ళెంలో పెట్టాను. “మరి తీసేశావా?”

“అదేనండీ. తీసేస్తే దోన్యా ఎదిల్మా పట్టికలోంచి ఆ రోజులన్నీ పోతాయి కదా. ఎన్ని దుంపలు పడతాయో లెక్కేశాను. ముప్ఫై ఎనిమిది.” నవ్వబోయి మానేశాడు. “ఆవిడకి చెప్పుకుంటే వింటుందంటారా?”

వినేది. ఆవిడ నోరు కొరడాయే గానీ మనిషి బండరాయి కాదు. “ముందు పని కాపాడుకోరా వెధవా” అని తిట్టి, పక్కనే కూర్చుని తన చేత్తో తీయించి ఉండేది. ఆ సంగతి నాకు రొట్టె రుచి తెలిసినంత బాగా తెలుసు.

“ఆవిడా? వినడమా?” అన్నాను. “సొంత మేనల్లుడికి, కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే, దుంప పెట్టిన మనిషి. నువ్వు వెళ్ళి అడిగావంటే, రికార్డులు దిద్దే రకమని నిన్ను క్లబ్బులోంచే తీసేస్తుంది.”

“అయితే ఏం చెయ్యమంటారు?”

“ఏమీ చెయ్యకు. అది క్లబ్బువాళ్ళకి తప్ప ఎవరికీ కనపడదు. మీ పెద్దాయన ముసలాడు, ఫోనులో ఎక్కడ నొక్కాలో వాడికేం తెలుసు? ఒకవేళ చూసినా ఏమంటాడు? తాగి పడుకోలేదు, పేకాడలేదు, ఒళ్ళు గట్టిచేసుకున్నావు. గర్వంగా చూపించు. నిజం చెప్పినవాణ్ణి ఎవడూ ఏమీ చెయ్యలేడు.”

అతని ముఖం తేటపడింది. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. “మా నాన్న ఉంటే ఇలాగే చెప్పేవాడండీ,” అన్నాడు. నేను ఇంకో రొట్టె చెప్పాను. అతనికి కూడా ఒకటి ఇప్పించాను, తిన్నాడు.

సోమవారం పదకొండింటికి ఉద్యోగం తీసేశారు. పెద్దాయన ఫోను చేతికి తీసుకోనేలేదట. మిసాయెలే తెరిచి, ఒక్కొక్క రోజూ వేలుపెట్టి చూపించాడట, ఎండలో ఎంత దూరం, ఏట్లో ఎంత దూరం అని. ముప్ఫై ఎనిమిది రోజులూ. మేస్త్రీ తల పట్టుకున్నాడని తర్వాత క్లబ్బులో ఎవరో చెప్పారు. అందరూ అయ్యో పాపం అన్నారు. నేనూ అన్నాను, నా గొంతే అందరికన్నా గట్టిగా వినిపించింది.

అక్కడితో అతని కథ అయిపోయిందనుకున్నాను. కాలేదు. అకితానియాలో ఉల్లికాడల మూటలు లారీకెత్తే పనిలో చేరాడు. పొద్దున ఐదింటి నుంచి మూటలు. తర్వాత పరుగో ఈతో. ఇప్పుడు సరస్సు పక్కనే ఉన్నాడు కదా, రోజూ ఆ మంచులాంటి నీళ్ళలోనే దిగేవాడు. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క దుంప పడలేదు. ఆగస్టులో అతని సమయాలు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. వాడి ఉద్యోగం పోగొట్టి వాడికి శిక్షణ శిబిరం పెట్టించింది నేనేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కానీ అతన్ని ఆపింది నేను కాదు, ఒక కాగితం. పోటీలో పేరు రాయించుకోడానికి ఆరోగ్య బీమా నడుస్తోందని చూపించాలి. ఉద్యోగం ఉన్నవాడికి కంపెనీ కడుతుంది. ఉల్లి మూటలెత్తేవాడికి ఎవడు కడతాడు? ప్రభుత్వ ఉచిత బీమాకి దరఖాస్తు పెట్టాడు, అది చేతికి వచ్చేసరికి నెలన్నర అన్నారు. పోటీకి ఉన్నది పన్నెండు రోజులు. దోన్యా ఎదిల్మా పోటీవాళ్ళ ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళి అరిచింది, బతిమాలింది. పని జరగలేదు.

నాకు ఫోను చేసింది. “దోన్ ఎలియేసెర్, చోటు సుమెర్సేది. బాగా ఈదండి.” అంతే, పెట్టేసింది.

సంతోషపడ్డాను. పడలేదంటే అబద్ధం. వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి చేతులు పైకెత్తాను.

పోటీ రోజు ఉదయం సరస్సు మీద ఎండ ఉంది గానీ వేడి లేదు. తెల్ల ఇసుక ఒడ్డున సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. కార్యకర్తల పచ్చ చొక్కా వేసుకుని మిసాయెల్ కనిపించాడు. నీళ్ళలోంచి వచ్చేవాళ్ళకి దారి చూపించడం, ఆగిపోయినవాళ్ళకి దుప్పట్లివ్వడం అతని పని. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. మనిషి కాస్త చిక్కాడు.

న్యాయనిర్ణేత మమ్మల్నీ కార్యకర్తల్నీ కలిపి నిలబెట్టి కట్టుబాట్లు చదివింది. “సైకిలుకి గానీ, బట్టలకి గానీ, హెల్మెట్టుకి గానీ ఎవరి చెయ్యి వాళ్ళదే. ఇంకొకరి చెయ్యి పడితే పోటీదారు బయటికి. పాపమని సాయం చేసినా అంతే, చేయించుకున్నా అంతే. అర్థమైందా?” మిసాయెల్ ముందు వరసలో నించుని, బడిపిల్లాడిలా తలాడిస్తూ విన్నాడు.

ఈత గురించి ఏం చెప్పను? హోటలు కొలనుల్లో ఆరేసి బారలు ఈదినవాణ్ణి. ఆ నీళ్ళు ముందు పళ్ళని పట్టుకున్నాయి, తర్వాత దవడని, తర్వాత చేతుల్ని. సగం దూరంలో నా వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. చచ్చిపోతానేమో అనిపించింది, నిజంగా. అయినా ఏడేళ్ళ పంతం ఒకటుంది కదా, అదే ఈదింది. ఒడ్డుకొచ్చి గడియారం చూస్తే నేననుకున్నదానికన్నా రెండు నిమిషాలు ముందున్నాను. దోన్యా ఎదిల్మా గొంతు వినిపించింది: “పదండి దోన్ ఎలియేసెర్! బాగుంది! పదండి!” ఏడేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

సైకిలు దగ్గరికి పరిగెత్తాను. హెల్మెట్టు నెత్తిన పెట్టుకున్నాను. గడ్డం కింద బకిల్ పెట్టందే సైకిలు ముట్టుకోకూడదు. వేళ్ళు కదల్లేదు. కొయ్యముక్కల్లా ఉన్నాయి. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. బకిల్ దొరుకుతుంది, జారిపోతుంది. పక్కనుంచి ఒక్కొక్కరే సైకిళ్ళు తీసుకుని పోతున్నారు. నాకు ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా గట్టిగానే ఏడ్చాననుకుంటాను.

“ఇటు తిరగండి దోన్ ఎలియేసెర్.”

మిసాయెల్. అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరి లోపలికొచ్చేశాడు. వెచ్చటి చేతులు నా గడ్డం కింద తగిలాయి. వద్దు అనాలి. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది, పోటీలో ఉండేవాణ్ణి. కానీ ఆ వెచ్చదనానికి నేను తల ఎత్తి, కళ్ళు మూసుకుని, గడ్డం అతనికి ఇచ్చేశాను.

బకిల్ టక్కున పడింది. అప్పుడతను నా చెవి దగ్గరికి వంగి, నెమ్మదిగా, ఆప్యాయంగా చెప్పాడు.

“పెద్దాయన నాకు ఆ రెండు కాగితాలూ చూపించాడండీ. పైన కుడి మూల గుండ్రంగా మీ ఫొటో ఉంది. ఎవరి పేరు మీద తెరిస్తే వాళ్ళ ఫొటో వస్తుందట. చూసుకోలేదా?”

నేను కళ్ళు తెరిచేసరికి ఈల మోగింది. న్యాయనిర్ణేత చెయ్యెత్తి పరిగెత్తుకొస్తోంది. నా ఒంటి మీది నంబరు పిలిచి, బయటికి అంది. క్లబ్బు పేరు కూడా చదివింది, ముగ్గురూ బయటికే అంది. అప్పటికే సైకిళ్ళ మీద వెళ్ళిపోయిన ఆంపారోనీ నెల్సన్‌నీ మలుపు దగ్గర ఆపేశారు.

మిసాయెల్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “అయ్యయ్యో, నాదే తప్పండీ! పాపం వణికిపోతుంటే చూడలేకపోయాను. కట్టుబాటు గుర్తే లేదు!” అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అవి నిజం నీళ్ళో కావో నాకు ఇప్పటికీ తెలియదు. న్యాయనిర్ణేతే అతని భుజం తట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు, ఎంత మంచి మనసు, తన చోటు పోయినా చూడు, అన్నారు. దోన్యా ఎదిల్మా వచ్చి అతన్ని కౌగలించుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“వాడు కొత్తవాడు, మర్చిపోయాడు. సుమెర్సేకి తెలుసు కదా? ఏడేళ్ళుగా తెలుసు కదా? వద్దని ఒక్క మాట అనడానికి నోరు కూడా గడ్డకట్టిందా?”

ఆంపారో తిరిగొచ్చి, సైకిలు గోడకి ఆనించి, నా ముఖం చూడకుండా పోయింది. నెల్సన్ చూశాడు, అదింకా ఘోరం. నేను ఎవరితో ఏం చెప్పుకోను? వాడు కావాలనే చేశాడని అంటే, ఎందుకు చేశాడు అని అడుగుతారు.

ఇసుకలో కూలబడ్డాను. ఎవరో దుప్పటి కప్పారు. మిసాయెల్ వేడి బెల్లం నీళ్ళు పెద్ద కప్పు నిండా తెచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొయ్యబారిన నా వేళ్ళు కప్పు చుట్టూ ఒక్కొక్కటే అమర్చాడు. అందరూ చూస్తున్నారు. మా ప్రాంతంలో ఎవరైనా మేలు చేస్తే, చేసినదానికి దేవుడు నీకు బదులిస్తాడు, అని చెప్పాలి. చెప్పకపోతే మనిషి కిందే జమ కట్టరు. దోన్యా ఎదిల్మా నడుం మీద చేతులు పెట్టుకుని, నేను ఆ మాట ఎప్పుడంటానా అని చూస్తోంది.

“దేవుడు నీకు బదులిస్తాడు మిసాయెల్,” అన్నాను.

“ఇచ్చాడండీ,” అన్నాడు. “మెల్లగా తాగండి, నోరు కాలుతుంది.”